హార్మోనియం ఆగిన చోట

పోయిన నెలలో ఒంగోలులో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. కల్యాణ మండపంలో పాటకచేరీ పెట్టారు. పాడే అమ్మాయి పెదవులు కదులుతున్నాయి, మెడ నరాలు తేలుతున్నాయి, కానీ మా వరసలో కూర్చున్నవాళ్ళకి కీబోర్డూ డ్రమ్సూ తప్ప ఆ పిల్ల గొంతు అందడం లేదు. పెళ్ళివారిలో ఎవరో ఒకరు లేచివెళ్ళి మైకు పెంచమనడం, బోర్డు దగ్గర కూర్చున్నతను పెంచడం, బాక్సులు కీచుమనడం, అందరూ చెవులు మూసుకోవడం, గంటసేపు ఇదే వరస. ఇక ఉండబట్టలేక నేనే మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి, ఆ అమ్మాయి మీట ముట్టుకోకు బాబూ, కీబోర్డు తగ్గించు, అందులోనూ మధ్య స్వరాలు కాస్త దించు అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, పెద్దావిడ మాట తీసెయ్యలేక దించాడు. దించీ దించగానే ఆ పిల్ల గొంతు తలుపు తీసుకుని బయటికి వచ్చినట్టు వచ్చింది. "మీకిదంతా ఎలా తెలుసు మామ్మగారూ?" అన్నాడతను. ఒకప్పుడు ఈ పనే చేశాను నాయనా అని చెప్పి వచ్చేశాను గానీ, భోజనాల పంక్తిలో కూర్చున్నా నా మనసు గుంటూరులో ఒక పాత పత్తి గోడౌనులోనే తిరుగుతూ ఉండిపోయింది.

మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎనభైల నడుమ ఊరూరా క్యాసెట్ల కొట్లు వెలిశాయి. భజనపాటలు, బుర్రకథలు, నాటకాల పద్యాలు, చివరికి పురుగుమందుల ప్రకటనలు కూడా క్యాసెట్ల మీదే వచ్చేవి. మా పెద్దన్నయ్య మద్రాసులో ఒక స్టూడియోలో కొన్నేళ్ళు సహాయకుడిగా పనిచేసి, నాలుగు ట్రాకుల టేపు మిషను ఒకటి కొనుక్కుని గుంటూరు వచ్చేశాడు. పత్తి వ్యాపారం మానుకున్న ఒకాయన దగ్గర గోడౌను అద్దెకు తీసుకుని, గోనెసంచుల్లో పనికిరాని పత్తి కుక్కి గోడల నిండా వేలాడదీశాడు. ఆ గదిలో చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయేది. అప్పటికి మావారికి గుంటూరు హైస్కూలుకి బదిలీ అయ్యి ఏడాది. నేను ఫిజిక్సు డిగ్రీ చదివి, నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకుని, ఆ రెండింటితోనూ ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో వడియాలు పెడుతున్నాను. చెవీ ఉంది, లెక్కా తెలుసు, వచ్చి కూర్చో అన్నాడు అన్నయ్య. మావారు సరేనన్నారు. అలా వెళ్ళాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. నాలుగు ట్రాకులంటే ఒకే టేపు మీద పక్కపక్కనే నాలుగు దారులన్నమాట. గొంతు ఒకదాంట్లో, హార్మోనియం ఇంకోదాంట్లో, తబలా మరోదాంట్లో విడివిడిగా ఎక్కిస్తాం. ఆ తర్వాత ఒక్కోదాన్నీ ఎంత వినిపించాలో, ఎక్కడ పెంచి ఎక్కడ దించాలో చూసుకుంటూ అన్నిటినీ కలిపి ఇంకో టేపు మీదికి దింపుతాం. ఆ కలపడాన్నే మిక్సింగ్ అంటారు. అన్నయ్య నాకు మొదటి నెలంతా ఏ మీటా ముట్టుకోనివ్వలేదు. కళ్ళు మూసుకుని వినమనేవాడు. గొంతు వినపడకపోతే గొంతు పెంచకు, దానికి అడ్డం పడుతున్నదేమిటో కనిపెట్టి దాన్ని దించు అనేవాడు. అన్నీ పెంచుకుంటూ పోతే చివరికి మీటరులో ముల్లు ఎర్రగీత దాటి, మొత్తం బొంగురుపోతుంది. మా పుట్టింట్లో కళ్ళం మీద కూర్చుని ఎండుమిరపకాయల్లో తాలు ఏరినదాన్ని గనుక ఈ సంగతి నాకు తొందరగానే వంటబట్టింది. తెల్లబోయిన కాయలు తీసేస్తే మిగిలిన రాశికి ఎరుపు దానంతటదే వస్తుంది కదా.

ఇదంతా మా మావయ్యగారికి బొత్తిగా నచ్చని వ్యవహారం. ఆయనది చీరాల వైపు పల్లెటూరు. పత్తీ మిరపా పండించే రైతు. పంటలు ఇంటికొచ్చాక మాత్రం ముఖానికి రంగేసుకుని పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు కట్టేవారు. మైకు లేని రోజుల్లో మొదలుపెట్టిన మనిషి, ఆయన రాగం తీస్తే చివరి వరసలో బండి మీద కూర్చున్నవాళ్ళకి కూడా ప్రతి అక్షరం వినపడేదట. పక్కన హార్మోనియం వాయించేది ఆయన తమ్ముడు, మా చిన్నమావయ్యగారు. ముప్పై ఏళ్ళు అన్నదమ్ములిద్దరూ ఒకే ఎడ్లబండిలో, తర్వాత ఒకే బస్సులో, ఊళ్ళు తిరిగారు. పాడితే గుండెతో పాడాలి గానీ ఈ తూకం వెయ్యడమేమిటమ్మాయ్ అనేవారు మావయ్యగారు నాతో. కోపంగా కాదు, జాలిగా.

ఆ ఏడాది మిరప కోతల్లో ఆయన గొంతు రాసుకుపోవడం మొదలైంది. కళ్ళంలో ఘాటు పడిందనుకున్నాం. మిరియాల పాలు తాగారు, తమలపాకులు నమిలారు. రెండు నెలలైనా తగ్గకపోతే మావారు పట్టుబట్టి గుంటూరు తీసుకొచ్చి గొంతు డాక్టరుగారికి చూపించారు. స్వరం పలికించే తీగ మీద కంతి ఉంది, కోసి తీసెయ్యాలి, తీశాక పరీక్షకు పంపితే గానీ అది మంచిదో చెడ్డదో చెప్పలేను అన్నారాయన. మావారికంటే ముందు మావయ్యగారే అడిగారు, పద్యం సంగతేమిటని. మాట వస్తుందండీ, పాటకి మాత్రం హామీ ఇవ్వలేను అన్నారు డాక్టరుగారు. ఆపరేషను వారం రోజులకి పెట్టారు.

ఇంటికి వచ్చాక ఆయన చాలాసేపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. తర్వాత లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆ మిషను మీద ఒకసారి పెట్టిన గొంతు ఎన్నాళ్ళుంటుంది?"

"జాగ్రత్తగా దాచుకుంటే మన తర్వాత కూడా ఉంటుంది మావయ్యగారూ."

"అయితే పెట్టు. కాకపోతే ఒకటి. నా గొంతు నా గొంతులాగే ఉండాలి. సినిమావాళ్ళలాగా బావిలోంచి పలికినట్టు చేశావంటే ఊరుకోను."

నాలుగు రోజులు ఆయన మౌనం పట్టారు. గొంతుకి విశ్రాంతి ఇస్తే ఒక్క పూట పలుకుతుందని ఆయన నమ్మకం. చిన్నమావయ్యగారు హార్మోనియం పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఊరినుంచి బస్సులో దిగారు. అన్నయ్య పద్ధతి ప్రకారం అయితే అన్నదమ్ములిద్దరినీ చెరో మూలా కూర్చోబెట్టాలి, ఒకరి చప్పుడు ఇంకొకరి మైకులో పడకుండా. ఆ మాట చెప్పగానే మావయ్యగారు లేచిపోబోయారు. వాడి మొహం కనపడకపోతే నాకు పద్యం రాదయ్యా అన్నారు. చేసేదిలేక ఎదురెదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా చాపమీద కూర్చోబెట్టాం. తబలా ఆయన మాత్రం పక్కగదిలో కూర్చుని గాజు కిటికీలోంచి చూస్తూ వాయించాడు.

ఆ పూట ఎనిమిది పద్యాలు పాడారు. ఒక్కోటీ ఒక్కసారే. రెండోసారి పాడే ఓపిక ఆ గొంతులో లేదని మాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. మంద్రంలో అక్కడక్కడా గరగరలాడింది గానీ పైకి వెళ్ళినప్పుడు మాత్రం ఎప్పటి గొంతే. ఎనిమిదో పద్యం మూడో పాదంలో ఆయన రాగం ఎత్తుకుని ఒక్క ఊపిరితో పైకి వెళ్ళి అక్కడ నిలబడ్డప్పుడు, నేను మీటల మీద చేతులు పెట్టుకుని ఏడ్చాను. పాడటం అయ్యాక ఆయన చెంబెడు నీళ్ళు తాగి, అద్దం అవతల ఉన్న నావైపు చూసి చేత్తో ఇక నీదే అన్నట్టు సైగ చేశారు.

ఆపరేషను బాగానే జరిగింది. పది రోజులు పెదవి విప్పకూడదన్నారు. పరీక్ష ఫలితం రావడానికి వారం పడుతుందన్నారు. ఆసుపత్రిలో చుట్టాలు కిటకిటలాడుతున్నారు, నేను వెళ్ళి చేసేదేమీ లేదు. ఆయన ఇంటికొచ్చేసరికి క్యాసెట్టు సిద్ధంగా ఉండాలని మర్నాడు మధ్యాహ్నం నేనొక్కదాన్నే స్టూడియోకి వెళ్ళాను. అన్నయ్య ఆ రోజు టేపులు కొనడానికి బెజవాడ వెళ్ళాడు.

ఖాళీగా ఉన్న నాలుగో ట్రాకులో అడుగున సన్నగా శ్రుతి వేద్దామని నా ఆలోచన. శ్రుతిపెట్టె పెట్టుకుని ఒక్కో పద్యానికీ వేసుకుంటూ వచ్చాను. ఏడు బాగానే అయ్యాయి. ఎనిమిదోది సగంలో ఉండగా మిరపకాయల బస్తాలు వేసుకుని మిర్చి యార్డుకి పోయే లారీ ఒకటి సరిగ్గా మా గోడ పక్కనే హారను కొట్టింది. పత్తిసంచులు కూడా ఆపలేని హారను. సరే, పాడైన ముక్క మళ్ళీ వేద్దామని టేపు వెనక్కి తిప్పి నడిపించి, రెండో పాదం ముగుస్తుండగా ఏ ట్రాకు మీద రికార్డు చెయ్యాలో దాని ఎర్రమీట నొక్కాను. నాలుగోది నొక్కాల్సినదాన్ని గొంతు ఉన్న ఒకటోది నొక్కాను.

గొంతు ట్రాకు ఒక్కటే తెరుచుకుని వింటున్నాను, చెవుల్లో మావయ్యగారి గొంతు రెండో పాదం ముగించింది. మూడో పాదం రాలేదు. శ్రుతి ఒక్కటే మోగుతోంది. ఏమైందో నాకు తెలుస్తూనే ఉంది, కానీ చెయ్యి కదలలేదు. కొయ్యబారిపోయిన ఆ కాసేపట్లో మూడో పాదం మొత్తం చెరిగిపోయింది. చెయ్యి కదిలి మిషను ఆపేసరికి నాలుగో పాదం మొదలవ్వబోతోంది.

ఆ రోజుల్లో చెరిగిందంటే చెరిగిందే. మళ్ళీ తెచ్చే మీట లేదు. ఆ గొంతు కోతపడి ఆసుపత్రిలో పడుకుని ఉంది. నేను కుర్చీలోంచి దిగి నేలమీద కూర్చున్నాను. ఎలా వినిపిస్తున్నాయో చూద్దామని చిన్నమావయ్యగారు ఆసుపత్రి నుంచి రిక్షాలో వచ్చి తలుపు తోసుకుని లోపలికి వచ్చేదాకా అలాగే ఉన్నాను. నా వాలకం చూసి ఆయన ముందు అన్నగారికే ఏదో అయిందనుకున్నారు. ఏడుస్తూనే జరిగింది చెప్పాను. చెప్పిందంతా విని ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. తిట్టలేదు. ఆయన తిడితే బాగుండునని నాకనిపించింది.

కాసేపటికి, "వాడి గొంతు పోతే పోయింది, నా పెట్టె ఉందా?" అని అడిగారు.

"ఉందండి. అది వేరే ట్రాకు. దానికేం కాలేదు."

"ఏదీ, అక్కడ అదొక్కటే వినిపించు. నేను వాయించింది వింటే, ఆ పాదం వాడెలా పాడాడో నా బుర్రలోకన్నా వస్తుంది."

గొంతు మూసేసి, తబలా మూసేసి, హార్మోనియం ట్రాకు ఒక్కటే తెరిచి పెట్టాను. రెండో పాదం అయ్యింది. మూడో పాదం రాగం దగ్గర హార్మోనియం ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు ఆగింది. ఆ నిశ్శబ్దంలోంచి, ఎక్కడో దూరంగా, సన్నగా, మావయ్యగారి గొంతు పైకి లేచింది. అక్షరం అక్షరం ఉంది. ఎదురెదురుగా కూర్చుని పాడారు కదా, ఆయన గొంతు తమ్ముడి మైకులో కూడా పడింది. అన్నయ్య ఏది పడకూడదని అంత తాపత్రయపడ్డాడో అదే పడింది. పడటం ఒక ఎత్తయితే, సరిగ్గా ఆ పాదంలో హార్మోనియం మోగకపోవడం ఒక ఎత్తు. మోగి ఉంటే ఆ గొంతు దాని కింద నలిగిపోయి ఎందుకూ పనికొచ్చేది కాదు.

"ఇక్కడ మీరు వాయించలేదేమండీ?" అన్నాను.

"అన్నయ్య పైకి వెళ్ళినప్పుడు నేను వేళ్ళు తీసేస్తానమ్మా. అక్కడ వాడికి నాతో పనిలేదు. మొదట్నించీ అంతే."

మా అన్నయ్య నెలల తరబడి నాకు నూరిపోసిన పాఠం ఈయన ఏ బోర్డూ లేకుండా ముప్పై ఏళ్ళుగా వేళ్ళతోనే చేస్తున్నారని ఆ క్షణాన నాకు తట్టలేదు. అప్పటికి మాత్రం పట్టరాని ఆనందంతో ఆయన కాళ్ళమీద పడ్డాను. ఆయన నవ్వి, లే లే, పని చూద్దాం అన్నారు.

పని తేలికేమీ కాలేదు. రెండో పాదం దాకా గొంతు చెవి పక్కనే ఉంటుంది, మూడో పాదం వచ్చేసరికి హఠాత్తుగా ఎక్కడో వరండా అవతలికి పోయినట్టుంటుంది. హార్మోనియం మైకు కింద పెట్టింది గనుక గొంతులో అడుగు బరువు లేదు, పైన సుయ్యిమనే రొద ఉంది. అడుగు స్వరాలు కొంచెం పెంచాను, రొద ఉన్న పైభాగం దించాను. అయినా అతుకు తెలుస్తూనే ఉంది. చివరికి తోచిందేమిటంటే, రెండో పాదం సగం నుంచే గొంతుని ఎవరికీ తెలియనంత నెమ్మదిగా దించుకుంటూ రావాలి, అది దిగుతుండగా హార్మోనియం ట్రాకు లేవాలి, మూడో పాదం అయ్యాక మళ్ళీ అంతే నెమ్మదిగా గొంతు దగ్గరికి రావాలి. ఇదంతా టేపు తిరుగుతుండగా చేత్తోనే జరగాలి. రెండు చేతులు చాలలేదు. హార్మోనియం మీట చిన్నమావయ్యగారికి అప్పజెప్పాను. నేను తల ఊపితే మీరు పైకి తొయ్యండి అన్నాను. నువ్వు తల ఊపక్కర్లేదమ్మాయ్, వాడి ఊపిరి నాకు తెలుసు అన్నారాయన. మొదటిసారి నేను తొందరపడ్డాను. రెండోసారి ఆయన వింటూ మైమరిచిపోయి మీట సంగతే మర్చిపోయారు. అలా పొద్దు వాలేదాకా చేస్తూ పోగా, తొమ్మిదోసారికి కుదిరింది. ఆయన చేతులు కండువాకి తుడుచుకుని, కాఫీ దొరుకుతుందా ఇక్కడ అన్నారు.

మావయ్యగారు ఇంటికొచ్చిన మూడో రోజున పరీక్ష ఫలితం వచ్చింది. మావారు సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి పడేసి లోపలికి పరిగెత్తుకొచ్చారు. చెడ్డది కాదు. ఒట్టి కంతే. అత్తయ్యగారు దేవుడి గూటి ముందు కూలబడిపోయారు. నేను వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా అలా చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం క్యాసెట్టు పెట్టాం. మాట్లాడకూడదు గనుక మావయ్యగారి ఒళ్ళో పలక, చేతిలో బలపం. కళ్ళు మూసుకుని ఎనిమిదీ విన్నారు. చివరి పద్యం మూడో పాదం దగ్గర ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చిన్నమావయ్యగారు నావైపు చూడకుండా కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నారు. క్యాసెట్టు అయిపోయాక మావయ్యగారు పలక మీద రాసి నాకు చూపించారు. "స్టేజీ మీద ఈ పాదం నేను వెనక్కి నడుస్తూ పాడతాను. నువ్వెప్పుడూ చూడలేదే, నీకెలా తెలిసింది?"

ఊరుకోవచ్చు. చిన్నమావయ్యగారు కూడా స్టూడియోలో అదే చెప్పారు, వాడికి తెలియక్కర్లేదమ్మా అని. పైగా ఇప్పుడు మెప్పు కూడా దక్కుతోంది. కానీ ఆయన ఆ పలక పట్టుకుని చిన్నపిల్లాడిలా ఆశగా చూస్తుంటే నా నోరు ఊరుకోలేదు. తెలిసి చెయ్యలేదు మావయ్యగారూ, నా చేత్తో మీ పాదం చెరిపేశాను అని మొదలుపెట్టి, లారీ హారను దగ్గర్నుంచి తమ్ముడు వేళ్ళు తీసేయడం దాకా అంతా చెప్పేశాను. ఆయన తమ్ముడి వంక చూశారు. పలక చెరిపి, "చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అని రాశారు. అదీ చెరిపేశారు. మళ్ళీ రాశారు. "తూకం తెలిసినదానివే. కాఫీ పెట్టు."

ఆ కాఫీ నేను ఎంత చక్కెర వేసి పెట్టానో, వద్దనే వీలు లేక ఆయన ఎలా తాగారో ఇప్పటికీ మావారు చెప్పి నవ్విస్తారు.

పది రోజులకి మాట వచ్చింది. డాక్టరుగారు అన్నట్టే పద్యం రాలేదు. పాత కంచు గొంతు పోయి, ఎండుటాకులు కదిలినట్టు ఒక బొంగురు గొంతు వచ్చింది. ఆయన దాని గురించి ఎప్పుడూ బాధపడ్డట్టు నేను చూడలేదు. ఊళ్ళోని కుర్రనటులకి ఆ గొంతుతోనే పద్యాలు చెప్పేవారు. గుంటూరు వచ్చినప్పుడల్లా స్టూడియోకి వచ్చి, నా వెనక కుర్చీలో కూర్చుని, ఎవరైనా డోలక్ గట్టిగా వాయిస్తే నాకంటే ముందే దించమని చేత్తో సైగ చేసేవారు. ఆ బొంగురు గొంతుతోనే నా పిల్లలకి కథలు చెప్పారు. మేం ఊరు వెళితే, పొలం నుంచి వస్తూ గుమ్మంలోంచే "అమ్మాయ్" అని పిలిచేవారు. పన్నెండేళ్ళు అలా గడిచాయి, ఆ తర్వాత మావయ్యగారు పోయారు. స్టూడియో అంతకుముందే మూతపడింది, అన్నయ్య వేరే వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోను ఉంది. మా మనవలు మేము దగ్గినా తుమ్మినా రికార్డు చేసి పెట్టుకుంటారు. మాకు ఆ రోజుల్లో పాట అంటేనే దాచుకోవలసిందని, మాట అంటే ఎప్పుడూ ఉండేదేనని అనిపించేది. మావయ్యగారి ఎనిమిది పద్యాలూ నా దగ్గర భద్రంగానే ఉన్నాయి, మా అబ్బాయి వాటిని కంప్యూటరులోకి కూడా ఎక్కించాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వింటాను. అది నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఎరిగిన పెద్దమనిషి గొంతు, వింటే గర్వంగా ఉంటుంది. కానీ ఒక్కోసారి మధ్యాహ్నం కునుకు తీసి లేచేవేళ నా చెవులు వెతుక్కునేది ఆ గొంతుని కాదు. గుమ్మంలోంచి అమ్మాయ్ అని పిలిచిన ఆ బొంగురు గొంతుని. అన్నేళ్ళు మిషను ముందు కూర్చుని ఎవరెవరి గొంతులో పట్టుకున్నదాన్ని, దాన్ని పట్టి ఉంచాలని నాకు ఒక్కనాడూ తోచలేదు.